వస్తాదు రొమ్ము

కన్నవాళ్ళు అతనికి ఏదో ఒక పేరు పెట్టే ఉంటారు. ఆ పేరుతో ఇప్పుడు పిలిస్తే అతనే వెనక్కి తిరిగి చూడడు. వీధిలో పిల్లలకు వస్తాదు మామ, పెద్దవాళ్ళకు వస్తాదు, ఎన్నడూ అరువు పెట్టలేదు కనుక కూరగాయల దుకాణంలో వస్తాదుగారు. భార్య కూడా ఎవరైనా తలుపు తడితే "మా వస్తాదు ఇంట్లో లేరండీ" అంటుంది. ఆ మాటలో ఎకసెక్కం ఎంత ఉందో గర్వమూ అంతే. రెండూ విడదీయమంటే ఆవిడ వల్ల కూడా కాదు.

నిజం చెప్పాలంటే అతను కుస్తీలు పట్టిన వస్తాదు కాడు. రెండు వీధుల అవతల రేకుల కప్పు కింద ఒక వ్యాయామశాల నడుపుతాడు. మరకలు పడ్డ అద్దాలు, చిరిగిన తోలు బెంచీలు, తుప్పు వాసన, దాన్ని మించిన చెమట వాసన. పొద్దున్నే అక్కడికి తాపీ పనివాళ్ళు, బస్సు డ్రైవర్లు, ఉద్యోగం లేని కుర్రాళ్ళు వచ్చి రాడ్డుకు ప్లేట్లు తగిలించి ఎత్తుతారు. వస్తాదు వాళ్ళ మధ్య తిరుగుతూ "నడుము వంచకు", "ఊపిరి బిగబట్టకు", "అద్దంలో నిన్ను చూసుకోవడం ఆపి బరువు చూడరా" అని కేకలేస్తూ ఉంటాడు.

అతనికి ఇంకో ఉద్యోగం ఉంది. బొమ్మల కాలేజీలో నిలబడటం. మొలకు చిన్న గుడ్డ చుట్టుకుని, చెక్క బల్ల మీద కదలకుండా నిలబడితే, చుట్టూ పిల్లలు చేరి బొగ్గుముక్కలతో గీస్తారు, మట్టితో చేస్తారు. పెళ్ళిచూపుల నాడు కాబోయే మామగారు "అబ్బాయి చేసేదేమిటి?" అని అడిగితే, మధ్యవర్తి నసిగి నసిగి "కాలేజీలోనండీ, నిలబడే ఉద్యోగం" అన్నాడట. మామగారు ఒక్క క్షణం ఆలోచించి "మంచిదే. మగాడన్నాక ఎక్కడో ఒకచోట నిలబడాలి కదా" అని పిల్లనిచ్చేశారు. ఈ కథ వస్తాదు భార్య చెబితేనే వినాలి.

అలా ఇరవై అయిదేళ్ళ వయసు నుంచీ నిలబడుతూనే ఉన్నాడు. ఆ కాలేజీలో చదివిన వాళ్ళెవరైనా మగాడి బొమ్మ గీస్తే ముఖం ఎవరిదైనా కావచ్చు, మెడ దిగితే మాత్రం అది మన వస్తాదే. యుద్ధవీరుడు అతనే, రైతూ అతనే, సంకెళ్ళు తెంచుకునేవాడూ అతనే. బస్సు డిపో గేటు ముందు సుత్తి పట్టుకుని నిలబడ్డ సిమెంటు కార్మికుడున్నాడు చూడండి, తలకాయ దాన్ని చేసిన శిల్పి ఊహించినది, రొమ్ము వస్తాదుది. ఆ దారిన వెళ్ళినప్పుడల్లా వస్తాదు ఒక చూపు అటు పడేసి, తెలియకుండానే తనూ విరుచుకుంటాడు. "పావురాలు మీకు రోజూ సన్మానం చేస్తున్నాయి, చూసుకోండి" అని భార్య అంటుంది. అయినా చుట్టాలెవరైనా వస్తే డిపో దారినే తిప్పి తీసుకొస్తుంది.

మన భాషలో మగవాడి గర్వమంతా రొమ్ము అనే ఆ ఒక్క మాట మీదే ఆధారపడి ఉంది. ధైర్యం వస్తే రొమ్ము విరుచుకుంటాడు. గెలిస్తే రొమ్ము చరుచుకుంటాడు. శత్రువు ఎదురైతే రొమ్ము చూపించాలే గానీ వీపు చూపించకూడదట. అదే మాటకు ఇంకో అర్థం ఉందని అందరికీ తెలుసు. కానీ మగాడి దగ్గర ఆ అర్థం ఎవరికీ గుర్తుకు రాదు, ముందుగా మగాడికే రాదు.

ఒకరోజు స్నానం చేస్తుంటే సబ్బు ఎడమ రొమ్ము మీద ఒకచోట తట్టుకుని ఆగింది. వస్తాదు వేలితో తడిమి చూశాడు. చిన్నది, గట్టిది, నొప్పి లేదు. ఈ వయసులో కొత్త కండ పుట్టుకొచ్చిందనుకుని లోపల్లోపల సంతోషించాడు కూడా! పిచ్చి మహారాజు. కొన్ని నెలలు పోయాక, అది పెరిగిందని తెలిశాక, బెంచీ మీద బరువు ఎక్కువైందేమోనని నొప్పుల మందు రాసుకోవడం మొదలుపెట్టాడు. భార్యకు చెప్పలేదు. చెప్పడానికి ఏముంది, మగాడన్నాక ఒళ్ళు ఎక్కడో పట్టకుండా ఉంటుందా?

బట్టలుతికేవాళ్ళ దగ్గర దాచగలిగేది ఏమీ లేదు. బనీను మీద ఎడమవైపు, సరిగ్గా చనుమొన ఉండేచోట, రూపాయి బిళ్ళలో సగం కూడా లేని మరక. ఉతికినా పోలేదు. మర్నాడు ఇంకో బనీనుకు అదేచోట మరక. భార్య ఆ రెండు బనీన్లూ తెచ్చి అతని ముందు పరిచింది.

"చొక్కా విప్పండి."

"ఇప్పుడేంటే?"

"ఊళ్ళోవాళ్ళందరికీ విప్పి చూపిస్తారుగా. నాకు చూపించడానికి సిగ్గా?"

చేత్తో తడిమింది. చెప్పులు తొడుక్కుంది.

ఆసుపత్రిలో ఆ విభాగం ముందు పొడుగాటి హాలు. బెంచీల నిండా ఆడవాళ్ళు. అక్కడక్కడ ఒకరిద్దరు మగవాళ్ళున్నా వాళ్ళంతా తోడు వచ్చినవాళ్ళు. వస్తాదు మోకాళ్ళు దగ్గరకు పెట్టుకుని, ఆ శరీరాన్నంతా ఎంత తక్కువ చోటులో ఇమడ్చవచ్చో అంతలో ఇమిడ్చి కూర్చున్నాడు. ఎదురు బెంచీలో ఒకావిడ ఇతని ముఖానికి పట్టిన చెమట చూసి, తన మంచినీళ్ళ సీసా ఇచ్చింది. ఒక రొమ్ము ఇదివరకే తీసేశారట, రెండోదానికి పరీక్షకు వచ్చిందట. పక్కింటి సంగతి చెప్పినట్టు చెప్పింది.

నర్సు తలుపు తీసి "రామ్మా, తర్వాత ఎవరు?" అంది. వస్తాదు వంతే. వస్తాదు పలకలేదు. "ఎవరమ్మా? లోపలికి రావాలి" అని మళ్ళీ కేకేసింది. ఆఖరికి భార్యే "మేమేనండీ" అని లేచింది.

నర్సు ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించబోయింది. వస్తాదును మాత్రం చేత్తో ఆపింది. "తోడు వచ్చినవాళ్ళు బయటే కూర్చోవాలి సార్."

"తోడు వచ్చింది నేనమ్మా" అంది భార్య. "చూపించుకోవలసింది ఆయన."

హాలంతా ఒక్కసారి తలెత్తి చూసింది. కుర్రతనంలో కండల పోటీల్లో వేలమంది ముందు లంగోటీతో నిలబడినవాడు, ఆ హాలు దాటడానికి గోడ పట్టుకున్నాడు.

లోపల డాక్టరమ్మ పెద్ద వయసావిడ, ఓపిక గల మనిషి. "మగవాళ్ళకూ రొమ్ము ఉంటుంది కదండీ, ఉన్నచోట జబ్బూ రావచ్చు. చాలా అరుదు. తడిమితే తగిలే గడ్డలన్నీ ఈ జబ్బువే కావు, ఎక్కువ భాగం ఉత్త కొవ్వు. కానీ మీ మగవాళ్ళు సిగ్గుపడి ఆలస్యంగా వస్తారు, అదే అసలు ప్రమాదం" అంది. ముక్క తీసి పరీక్షకు పంపారు. జబ్బు అదేనని తేలింది. ఎడమ రొమ్ము మొత్తం తీసేశారు.

బతికాడు. ఆ మాట ముందుగా చెప్పుకోవాలి, ఎందుకంటే వస్తాదు ఆ మాట చెప్పుకోవడం చాలారోజుల పాటు మరిచిపోయాడు. కట్లు విప్పిన రోజు అద్దంలో చూసుకుని, కుడివైపు కొండ, ఎడమవైపు మైదానం, మధ్యలో అడ్డంగా పొడుగాటి కుట్టు, "నా పనిముట్టు పోయిందే" అని ఏడ్చాడు. భార్య అతని తల పొట్టకు ఆనించుకుని నిలబడింది. ఏడవనిచ్చింది. కన్నీళ్ళు తుడుచుకున్నాక అతను అన్న మొదటి మాట "ఎవరికీ చెప్పకు. పెదవి దాటితే పృథివి దాటుతుంది."

మరి ఏం చెప్పాలి? అదీ అతనే ఆలోచించాడు. ఒక్కడే బెంచీ మీద పడుకుని ఎత్తుతుంటే రాడ్డు జారి రొమ్ము మీద పడిందని చెప్పాడు. వ్యాయామశాలలో అందరూ అయ్యో అన్నారు. భార్య తమ్ముడు, లేతు మిషను మీద పనిచేసేవాడు, ఒక్కపూట కూడా చొక్కా వేసుకుని కసరత్తు చేయనివాడు, అక్కడికక్కడే పెద్ద బ్రష్షు తెచ్చి గోడ మీద ఎర్రరంగుతో "ఒంటరిగా బరువు ఎత్తరాదు" అని రాసేశాడు. అబద్ధానికి అంత మంచి ఫలితం వచ్చినందుకు సంతోషించాలో, రోజూ దాని ఎదుట నిలబడవలసి వచ్చినందుకు చావాలో వస్తాదుకు తెలియలేదు. ఎవరైనా ఆ గోడవైపు చూస్తే చాలు, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, చెయ్యి ఎడమవైపుకు వెళ్ళిపోయేది. మందపాటి చొక్కాలు కుట్టించుకున్నాడు. డిపో దారి మానేశాడు. బొమ్మల కాలేజీకి "వయసైపోయింది, ఇక రాను" అని కబురు పంపాడు.

ఆ కబురు నమ్మని మనిషి ఒకతే. కాలేజీలో శిల్పం నేర్పే మేడం. చదువుకునే రోజుల్లో, మొదటిసారి ఇతన్ని చూసి సిగ్గుతో తలెత్తలేక, వారమంతా ఇతని పాదాలు మాత్రమే గీసిన అమ్మాయి. "అమ్మాయ్, పైన కూడా కొంత నేనున్నాను" అని వస్తాదు అంటే తరగతంతా నవ్వింది. ఇప్పుడామె జుట్టు సగం నెరిసింది. ఒక సాయంత్రం నేరుగా ఇంటికే వచ్చింది.

"వస్తాదుగారూ, ఒక ప్రదర్శన చేస్తున్నాను. అన్నీ మగవాళ్ళ బొమ్మలే. కత్తులూ సుత్తులూ లేనివాళ్ళు. మన ఇళ్ళల్లో ఉండే మగవాళ్ళు."

"ఇళ్ళల్లో ఉండేవాళ్ళకి బొమ్మలెందుకమ్మాయ్? ఎదురుగానే ఉంటారుగా, తప్పించుకోలేక చస్తుంటే!"

"ఎదురుగా ఉంటారు గానీ ఎవరూ చూడరు" అంది మేడం. "నాకు మీరు కావాలి. ఇప్పటి మీరు."

వస్తాదు చేతులు కట్టుకున్నాడు. "ఇప్పటి నేను పనికిరాను. రాడ్డు పడింది. అందం పోయింది" అని, మాట తెగ్గొట్టి టీ పెట్టిస్తానంటూ వంటగదిలోకి వెళ్ళిపోయాడు. పెట్టించడానికి అక్కడ ఎవరున్నారు, భార్య తప్ప? ఆవిడ అప్పటికే స్టవ్ ముందు నిలబడి ఉంది, అతని వైపు తిరగకుండానే మాట్లాడింది.

"ఆసుపత్రిలో మీకు మంచినీళ్ళిచ్చిన ఆవిడ గుర్తుందా?"

"ఉంది."

"రాడ్డు పడిందని మీరు చెప్పుకున్నారు. సరే, నేనూ తలూపాను. మరి ఆవిడ ఏ రాడ్డు పడిందని చెప్పుకుంటుందండీ?"

టీ పొంగింది. ఆవిడ మంట తగ్గించింది.

వస్తాదు ముందుగదిలోకి వెళ్ళి, మేడం ఎదుట నిలబడి, చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పాడు. ఆమె అయ్యో అనలేదు. ముఖం తిప్పుకోలేదు. పని చూసినట్టు చాలాసేపు చూసి "నొప్పి ఉందా?" అంది.

"చెయ్యి పైకెత్తితే లాగుతుంది."

"అయితే ఎత్తొద్దు."

తరగతికి వెళ్ళేనాడు భార్య కూడా బయలుదేరింది, ఇన్నేళ్ళలో మొదటిసారి. కిటికీ పక్కన కుర్చీ వేస్తే, ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చుంది. పిల్లలు బొగ్గుముక్కలు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. వస్తాదు బల్లెక్కాడు. పైగుడ్డ తీసేశాడు. ఎవరో చటుక్కున ఊపిరి లోపలికి పీల్చిన చప్పుడైంది. అలవాటు ప్రకారం కడుపు లోపలికి లాగి, భుజాలు వెనక్కి పోనిచ్చి, రొమ్ము విరుచుకున్నాడు. కుడివైపు లేచింది. ఎడమవైపు లేవడానికేమీ లేదు.

"విరుచుకోవద్దండీ" అంది మేడం మెల్లగా. "మామూలుగా నిలబడండి."

మామూలుగా! వస్తాదు ఒక కాలు ముందుకు పెట్టాడు, వెనక్కి తీశాడు. చేతులు నడుము మీద పెట్టాడు, దించాడు. ఇన్నేళ్ళలో ఈ మాట అతనితో ఎవరూ అనలేదు. వీరుడిలా నిలబడమన్నారు, కాపలావాడిలా నిలబడమన్నారు, ఓడిపోయినవాడిలా కూడా నిలబడమన్నారు. మామూలుగా నిలబడటం మాత్రం అతనికి రాదు. బల్ల మీద పెద్ద మనిషి తికమకపడుతుంటే చూడలేక పిల్లలు తలలు దించుకున్నారు.

కిటికీ దగ్గర నుంచి భార్య గొంతు వినిపించింది. "బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడండి. మొన్న మన బస్సు రాకపోతే కూరగాయల సంచితో నిలబడ్డారే, అలాగ."

తరగతి పగలబడి నవ్వింది. వస్తాదూ నవ్వాడు. నవ్వులో భుజాలు దిగాయి, కడుపు తన చోటికి తాను వచ్చింది, బరువంతా ఒక కాలి మీదకు చేరింది. "కదలకండి! అదే!" అని మేడం అరిచినంత పని చేసింది. బొగ్గుముక్కల గరగర మొదలైంది. ఆ శబ్దం తనకెంత ఇష్టమో, అది వినక తానెంత చిక్కిపోయాడో వస్తాదుకు అప్పుడు తెలిసింది. కళ్ళు చెమ్మగిల్లాయి. నిలబడేవాడు కళ్ళు తుడుచుకోకూడదు కనుక తుడుచుకోలేదు.

తర్వాత మేడం అతని రొమ్ముకు అచ్చు తీసింది. నూనె పట్టించి, తడిసిన ప్లాస్టరు గుడ్డలు పొరలు పొరలుగా పరిచింది. మొదట చల్లగా, గట్టిపడేకొద్దీ వెచ్చగా. గట్టిపడేదాకా కదలకూడదు. అలా కదలకూడని వేళలో వస్తాదు నోట నిజం వచ్చేసింది. "అమ్మాయ్, రాడ్డు పడలేదు" అని మొదలుపెట్టి అంతా చెప్పాడు.

మేడం విని "మీరు చెప్పమంటేనే ఎవరికైనా తెలుస్తుంది" అంది. "బొమ్మలో కుట్టు ఒక్కటే కనిపిస్తుంది. దెబ్బ అనుకునేవాళ్ళు దెబ్బ అనుకుంటారు. పక్కన చీటీ మీద పేరు ఏం పెట్టమంటారో మీరే చెప్పండి. ఉత్త 'మగాడు' అని పెట్టినా నాకు అభ్యంతరం లేదు."

ప్రదర్శన దగ్గరపడేదాకా వస్తాదు ఏ సంగతీ తేల్చలేదు. పొద్దున ఒక పేరు అనుకుంటాడు, వ్యాయామశాలలో ఆ ఎర్ర అక్షరాలు చూసి మానుకుంటాడు. అక్కడివాళ్ళు తనను చూసి నవ్వితే ఇక ఏ ముఖంతో వాళ్ళకు "నడుము వంచకు" అని చెప్పగలడు? భార్య ఏమీ అడగలేదు. అడిగి ఉంటే కోప్పడి తప్పించుకునేవాడు. చివరికి ఒక మధ్యాహ్నం తానే కాలేజీకి వెళ్ళి, బొమ్మ ముందు నిలబడ్డాడు. బస్సు కోసం చూస్తున్న మనిషి. నడివయసు, జారిన పొట్ట, చేతిలో సంచి. ఒకవైపు నిండుగా, ఒకవైపు చదునుగా ఉన్న ఆ రొమ్ము దాచుకోవడం లేదు, చూపించుకోవడమూ లేదు. డిపో ముందున్న సిమెంటువాడి కంటే వీడు ఎక్కువ బరువు మోసినవాడని చూస్తే తెలుస్తోంది. వీడు నేను, అనుకున్నాడు వస్తాదు. అచ్చు గుద్దినట్టు నేనే.

"రొమ్ము అని పెట్టమ్మాయ్" అన్నాడు.

"ఎవరైనా అడిగితే?"

"నేనే చెప్తాను."

ప్రదర్శన రోజు వ్యాయామశాల మొత్తం వచ్చింది, ఇస్త్రీ చొక్కాల్లో, కడుపులు బిగబట్టి. హాల్లో అద్దం ముందు పొట్ట లోపలికి లాక్కుంటున్న బట్టతల మనిషి బొమ్మ ఒకటుంది. దాన్ని చూసి నవ్వి, వెంటనే తామేం చేస్తున్నారో గుర్తొచ్చి ఊపిరి వదిలారు. ఇంకోచోట పిల్లకు ముక్కు తుడుస్తున్న తండ్రి. ఆఖరున వస్తాదు. అందరూ చుట్టూ తిరిగి చూశారు. బావమరిది చీటీ చదివాడు.

"ఇదేంటి బావా, రొమ్ము అని పెట్టారు? రాడ్డు అని పెట్టాల్సింది!"

ఘొల్లుమన్నారు. నవ్వు ఆగేదాకా వస్తాదు ఆగాడు. భార్య పక్కకొచ్చి నిలబడింది.

"రాడ్డు పడలేదురా" అన్నాడు. "క్యాన్సరు. రొమ్ము క్యాన్సరు. ఆడవాళ్ళకి వస్తుందంటారే, అదే. నాకొచ్చింది. కోయించుకున్నాను. బతికాను. సిగ్గుపడి మీకు అబద్ధం చెప్పాను."

అందరికంటే పెద్దవాడైన బస్సు డ్రైవరు "మరి గోడ మీద రాసింది?" అన్నాడు.

"అది ఉండనీయండి. మంచి మాటే."

ఈసారి నవ్వు వేరుగా వచ్చింది. డ్రైవరు ముందుకొచ్చి వస్తాదును కావలించుకున్నాడు, ఎడమవైపే. అతని తర్వాత ఇంకొకడు. వస్తాదు తెలియకుండానే రొమ్ము విరుచుకున్నాడు. కుడివైపు లేచింది, ఎడమవైపు లేవలేదు, దానివల్ల గర్వానికి లోటేమీ రాలేదు. భార్య మాత్రం ఆ బొమ్మ చేతిలోని సంచి చూపించి "అది నాదే" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటూ తిరిగింది. డిపో బొమ్మను చూపించిన రోజుల్లో కూడా ఆవిడ ముఖం అంత వెలగలేదు.

బావమరిది ఆ రోజు మళ్ళీ జోకు వేయలేదు. మర్నాడు పొద్దున అందరికంటే ముందు వ్యాయామశాలకు వచ్చాడు. మెడ దాకా గుండీలు పెట్టుకుని ఉన్నాడు. బరువుల జోలికి పోకుండా అటూ ఇటూ తచ్చాడి, చివరికి వస్తాదు చెయ్యి పట్టుకుని తన చొక్కాలోకి తీసుకెళ్ళి పెట్టుకున్నాడు.

"ఇక్కడ. కండేమో అనుకున్నా బావా."

వస్తాదు వేళ్ళకు తగిలింది. కొవ్వే కావచ్చు. కాకపోవచ్చు. తేల్చవలసింది తన వేళ్ళు కాదని అతనికి బాగా తెలుసు. తిట్టలేదు, ఎన్నాళ్ళుగా అని అడగలేదు. రేకు తలుపు దించి తాళం వేశాడు. "పద. మీ అక్కని కూడా తీసుకెళ్దాం."

అదే హాలు, అవే బెంచీలు, నిండా ఆడవాళ్ళు. ముగ్గురూ కూర్చున్నారు. లేతు మిషను ముందు సింహంలా ఉండే బావమరిది, మోకాళ్ళు దగ్గరపెట్టుకుని నేలచూపులు చూస్తున్నాడు. వస్తాదు కాళ్ళు చాపుకుని దర్జాగా వెనక్కి ఆనుకున్నాడు. ఎదురు బెంచీలో బెదిరిపోయి ఉన్న ఒక పిల్లకు తన మంచినీళ్ళ సీసా అందించాడు.

నర్సు తలుపు తీసింది. "రామ్మా, తర్వాత ఎవరు?"

బావమరిది అక్క వైపు చూశాడు. అక్క కదలలేదు. నర్సు మళ్ళీ "ఎవరమ్మా?" అంది.

వస్తాదు అతని వీపు మీద చెయ్యి వేశాడు.

"నిన్నేరా. పలుకు."